గిన్నె మునిగేదాకా

ఆ రోజు పొద్దున ఆకాశం ఉతికి ఆరేసిన పాత దుప్పటిలా వెలిసిపోయి, ఎక్కడా ఒక్క మరక లేకుండా ఉంది. కొండ వైపు మాత్రం అరచెయ్యంత మబ్బు తునక ఒకటి కనబడింది. పదకొండు చేల వాళ్ళం కుంట గట్టు మీద నిలబడి దానికేసే చూస్తున్నాం. మేం చూస్తుండగానే అదీ కరిగిపోయింది.

"అయిపోయింది. ఇంక వంతులే," అన్నాడు ఊరంతా తాత అని పిలిచే పెద్దాయన.

కొండ మీది ఊట నుంచి వచ్చే సన్నటి కాలవ ఒక్కటే మా పదకొండు చేలకీ దిక్కు. వానలున్నంతకాలం ఎవరికి కావలసిన నీళ్ళు వాళ్ళు తిప్పుకుంటారు. ఎండలు ముదిరాయంటే వంతులు మొదలవుతాయి. రాత్రి పారిన నీళ్ళన్నీ కుంటలో చేరతాయి. పొద్దున తూము ఎత్తితే సాయంత్రానికి కుంట అడుగు కనబడుతుంది. ఆ నీళ్ళని కొలిచేది ఒక రాగి గిన్నె. దాని అడుగున సూది మొనంత చిల్లు. నీళ్ళతొట్టిలో తేలేస్తే చిల్లులోంచి నీళ్ళు ఎక్కీ ఎక్కీ, ఒక పూట వంట అయ్యేంత సేపటికి బుడుంగుమని మునుగుతుంది. అది ఒక గిన్నె. మా మొక్కజొన్న చేనుకి ఆరు గిన్నెలు, దర్జీ చిన్న పొలం చెక్కకి రెండు, మిల్లాయనకి అయిదు. మా ముగ్గురి వంతూ ఒకే రోజు వస్తుంది. ముందు మేము, మా తరవాత దర్జీ, కడపట మిల్లాయన. మళ్ళీ నాలుగు రోజులకి గానీ మా మొహాన నీళ్ళుండవు.

ఇరవై ఏళ్ళుగా ఆ గిన్నె దగ్గర కూర్చున్నది తాత. ఆ ఏడు ఆయన కళ్ళకి పొర కమ్మింది. గిన్నె తేలుతోందో మునిగిందో చేత్తో తడిమి చూసుకుంటున్నాడు.

"నావల్ల కాదిక. ఈ ఏడు మొదటిబంతిని కూర్చోబెట్టండి," అన్నాడు.

మొదటిబంతి అంటే మా అన్నయ్య. ఎవరింట్లో భోజనాలు జరిగినా మొదటి వరసలో, వడ్డన మొదలయ్యే చోట కూర్చుంటాడని ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేరది. ఇంట్లోనూ అంతే. పాల మీద మీగడ ఆయనది, అరుగు మీద గాలి తగిలే మూల ఆయనది. ఇంట్లో ఒక్కటే గొడుగుంటే అది ఆయనది, రెండుంటే చిరగనిది ఆయనది. చేలో కూడా ఆ గుణం పోలేదు. పొరుగువాడి వంతు నడుస్తుండగా కాలవ గట్టుకి ఎలక బొక్కంత కన్నం పెడతాడు. మర్నాడు "ఈ ఎండ్రకాయలతో చచ్చిపోతున్నాం" అంటూ తనే వెళ్ళి పూడుస్తాడు.

తాత మాటకి అందరూ నోళ్ళు తెరిచారు.

"కాలవకి ఎక్కడెక్కడ కన్నాలు పడతాయో వీడికి తెలిసినంత మనలో ఎవరికి తెలుసు? పెట్టేది వీడే కదా," అన్నాడు తాత. "గిన్నె దగ్గర కూర్చోబెట్టామంటే పగలంతా వీడు కదలడానికి ఉండదు. ఊళ్ళో ఎండ్రకాయలు సగం చచ్చిపోతాయి."

గట్టంతా నవ్వింది. మిల్లాయన ఒక్కడే నవ్వలేదు. ఆయన పిండిమిల్లులో పని చేసీ చేసీ కనుబొమల మీద ఎప్పుడూ తెల్లగా పిండి ఉంటుంది. కోపం వస్తే అది రాలుతుంది. "పాలకి పిల్లిని కాపలా పెడుతున్నావు తాతా," అన్నాడు.

అన్నయ్యకి కోపం రాలేదు. "కూర్చుంటే నాకేమొస్తుంది?" అని అడిగాడు.

"నీడ," అన్నాడు తాత, తొట్టి మీద వేసిన పాకని చూపించి.

అన్నయ్య పాకకేసి చూశాడు. గిన్నెకేసి చూశాడు. ఆ తరవాత మా చేనుకేసి చూశాడు. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పళ్ళెంలో పెద్ద ముక్క ఎటు ఉందో వెతికే చూపు అది.

"సరే. ఊరి కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా," అన్నాడు.

నేనేమీ అనలేదు. నేనెప్పుడూ ఏమీ అనను. ఊళ్ళో నాకు మంచివాడని పేరు. మాట్లాడని వాడికి ఆ పేరు తేలిగ్గానే వస్తుంది.

వంతులు మొదలయ్యే ముందు రోజు అన్నయ్య చొక్కా బొత్తాం ఊడిందని దర్జీ ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. దర్జీకి అరవై దాటాయి. సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక మిషను ముందు గదిలో మూలకి జరిపి, కాలవ చివరి దాపున ఉన్న తన చెక్కలో దుంపలు వేసుకుంటున్నాడు. బొత్తాలు, చిరుగులు మాత్రం ఇంకా కుడతాడు.

"బొత్తాం తప్పేం లేదు అబ్బాయ్," అన్నాడు చొక్కా పట్టుకుని. "పొట్టది. పోయినేటికీ ఈ ఏటికీ జానెడు జరిగింది. బొత్తాం ఎంతకని లాక్కొస్తుంది పాపం?"

"మా ఆవిడ వంట అలాంటిది," అన్నాడు అన్నయ్య.

"వండేది ఆవిడ, పెరిగేది నువ్వూనా? మరి నీ తమ్ముడేంటి, కొలతకర్రలా ఉన్నాడు?"

దర్జీ దారం తెంపి, బల్ల మీదున్న మైనం ముద్ద మీద రెండుసార్లు లాగాడు. దారం ముడి పడకుండా ఉండటానికి అలా చేస్తారట. గోళీకాయంత ముద్ద అది. ఏళ్ళ తరబడి దారం లాగిన గాట్లు దాని నిండా ఉన్నాయి. అన్నయ్య దానికేసి చూస్తూ ఉండిపోయాడు. మేం గుమ్మం దిగేటప్పటికి ఆయన ఎడమ బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది.

మర్నాడు మా వంతు. నేను చేలో పార పట్టుకుని సాళ్ళకి నీళ్ళు తిప్పుతున్నాను. ఒక గిన్నె అయిందని అన్నయ్య కేకేసేసరికి ఎప్పుడూ మూడో సాలు తడుస్తూ ఉండేది. ఆ రోజు అయిదోది తడిసింది. ఆరో గిన్నె మునిగేసరికి, మేము ఆ చేను దున్నిన నాటి నుంచీ వేసవిలో నీళ్ళ మొహం చూడని చివరి సాలు కూడా పారింది. పార భుజానేసుకుని పాక దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య పుల్లతో గోరు సందు తీసుకుంటున్నాడు. పుల్ల చివర పసుపుపచ్చటి మైనం.

చిల్లు సగం మూస్తే గిన్నె నెమ్మదిగా మునుగుతుంది. గిన్నె ఎంత నెమ్మదైతే నీళ్ళు అంత ఎక్కువ. ఆ ఎక్కువ నీళ్ళు కడపటి వాడివి.

ఆయన నాకేసి చూశాడు. నేను ఆయనకేసి చూశాను.

"ఏంట్రా?"

"ఏం లేదు," అన్నాను.

మొక్కజొన్న నిలువెత్తు లేచింది. వదిన పొద్దున్నే చేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఈసారి గాదె అడుగు కనబడదు," అని మురిసిపోయేది. ఏడాది పొడుగునా మా ముగ్గురికీ తిండి ఆ చేనే. వదినకి మైనం సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలిసీ మూడు వంతుల్లోనూ సాళ్ళు తిప్పాను.

నాలుగో వంతున ఒక పొరపాటు జరిగింది. ఆ వేసవిని తలుచుకున్నప్పుడల్లా నేను అక్కడే ఆగుతాను. మనిషి మారడం అనేది ఎక్కడో ఒకచోట మొదలు కావాలి కదా. పొరపాటున కూడా మొదలవుతుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

మా ఆరో గిన్నె మునుగుతుండగా మా గట్టు తెగింది. నేను కేకేశాను. అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం మోకాళ్ళ దాకా బురదలో దిగి పూడ్చాం. ఆయన తిరిగి వెళ్ళేసరికి దర్జీ పాకలో కూర్చుని తన వంతు కోసం చూస్తున్నాడు. అన్నయ్య రొప్పుతూ మునిగిన గిన్నె తీసి, నీళ్ళు వంచి, మళ్ళీ తేలేశాడు. పార కడుక్కోవడానికి నేనూ పాకకే వచ్చాను.

చాలాసేపటికి దర్జీ తొట్టిలోకి తొంగి చూశాడు. "ఏం అబ్బాయ్, గిన్నెకి ఇవాళ ఒంట్లో బాగాలేదా? నీళ్ళు పుచ్చుకోవడం లేదు," అన్నాడు.

అన్నయ్య మొహం చూడాలి. గోరు సందు చూసుకున్నాడు, ఖాళీ. మైనం గిన్నెలోనే ఉండిపోయింది. దర్జీ ఎదురుగా చెయ్యి పెట్టి తియ్యలేడు. తియ్యకుండా కూర్చోనూ లేడు. "ఎండకి నీళ్ళు చిక్కబడ్డాయి," అన్నాడు చివరికి.

"నీళ్ళు చిక్కబడటం పాలవాడు వింటే బతికిపోతాడు," అన్నాడు దర్జీ.

దర్జీ రెండు గిన్నెలూ అలాగే సాగాయి. కడపట మిల్లాయన అయిదింట మూడు గిన్నెలైనా కాకముందే కుంట అడుగు బురద తేలింది. ఆయన గట్టు మీద నిలబడి, "ఈ నీళ్ళు ఏ పాతాళానికి పోతున్నాయిరా?" అని అరిచాడు. కనుబొమల నుంచి పిండి రాలింది.

మర్నాడు పొద్దున దర్జీ మా ఇంటికి వచ్చాడు. అన్నయ్య పాత చొక్కా ఒకటి కాలరు తిరగేసి కుట్టి తెచ్చాడు. అడగకుండానే.

"ముప్ఫై ఏళ్ళలో నా చెక్క కింది మూల వేసవిలో ఎప్పుడూ తడవలేదు," అన్నాడు. "నిన్న తడిసింది. తాత వేసినప్పుడూ నాకింత రాలేదు. గిన్నె న్యాయంగా వేశావు నాయనా. ఆ మాట నీ మొహం మీద చెప్పి పోదామని వచ్చాను."

అన్నయ్య అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. దర్జీ వెళ్ళిపోయాక వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. "ఎవరి గురించండీ ఆయన చెప్పింది? ఇల్లు పొరబడ్డాడేమో," అంది.

మామూలుగా అయితే అన్నయ్య ఆవిడ కంటే ముందు నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. ఆ చొక్కా మూడు రోజులు విడవలేదు. మూడో రోజు పాక నుంచి తిన్నగా ఇంటికి రాకుండా దర్జీ చెక్క మీదుగా చుట్టు తిరిగి వచ్చి, "దుంప తీగ బాగా ఊపందుకుందిరా," అన్నాడు. మాది కాని పైరు గురించి ఆయన నోట మాట వినడం నాకు అదే మొదలు.

అయిదో వంతున చూశాను. మా ఆరు గిన్నెలూ అయ్యాక అన్నయ్య గిన్నె పైకి తీశాడు. బొటనవేలు చిల్లు దగ్గరకి వెళ్ళింది. కాసేపు అక్కడే ఆగింది. మైనం తియ్యకుండానే దర్జీకి గిన్నె వేశాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే అదే. నీళ్ళు మిల్లాయనవి, దానం అన్నయ్యది, దండం దర్జీది. దర్జీకేం తెలుసు? కనబడిన వాడికల్లా చెప్పాడు. "మొదటిబంతి మారాడయ్యా" అని నలుగురూ అనుకోవడం మొదలైంది. దారిలో ఎదురైనవాళ్ళు ఆగి పలకరిస్తున్నారు. అన్నయ్య పాకలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటున్నాడు. ఇంకో వింత ఏమిటంటే, మిగతా వాళ్ళ వంతుల్లో గిన్నె నిజంగానే న్యాయంగా వేస్తున్నాడు. ఎవరి గట్టుకైనా కన్నం పడితే తనే వెళ్ళి పూడ్చి వస్తున్నాడు. పేరు నిలబెట్టుకోవడానికి అనుకున్నాను నేను. అంతే అయ్యుంటుంది అప్పటికి.

ఆరో వంతున మిల్లాయన ఊరుకోలేదు. దర్జీ రెండో గిన్నె నడుస్తుండగా, పిలవకుండానే పాకలోకి వచ్చాడు. అన్నయ్య తూము పలక సరిచెయ్యడానికి వెళ్ళాడు. దర్జీ ఒక్కడే తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. నేను అప్పుడే నీళ్ళు తాగడానికి వచ్చాను. మిల్లాయన గిన్నె పైకెత్తి, ఎండకి అడ్డం పెట్టి చూశాడు. చిల్లులోంచి వెలుతురు సగమే వచ్చింది. గోటితో గీకాడు. చిన్న ముద్ద ఊడి ఆయన అరచేతిలో పడింది.

"మైనం," అన్నాడు. "ఈ ఊళ్ళో మైనం ఎవరింట్లో ఉంటుంది?"

దర్జీ ఆ ముద్ద పుచ్చుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అందులో చిక్కుకున్న దారం పోగు చూశాడు. "నాదే," అన్నాడు.

మిల్లాయన కేకలకి చుట్టుపక్కల చేల వాళ్ళంతా వచ్చారు. గిన్నెలో మైనం దర్జీది. దొరికింది దర్జీ వంతులో. పక్కన ఉన్నది దర్జీ. ఇంక కావలసిందేముంది?

"మైనం నాదే. చెయ్యి నాది కాదు," అన్నాడు దర్జీ.

అప్పటికి అన్నయ్య తిరిగి వచ్చాడు. దర్జీ ఆయన మొహం చూడలేదు. ఆయన చొక్కా మీద తను కుట్టిన బొత్తాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తరవాత మైనం ముద్ద మిల్లాయనకి ఇచ్చేసి, "ఎవరు పెట్టారో నేను చూడలేదు. చూడనిది చెప్పను. ఎవరు పెట్టినా ఆ నీళ్ళు తాగింది మాత్రం నా దుంపలేగా," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున తాత దగ్గర తేల్చుకోవాలని అనుకున్నారు. గిన్నె మీద చెయ్యి వేసినవాడికి వానలు పడేదాకా నీళ్ళు లేవు. అది ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు.

ఆ సాయంత్రం వదిన పళ్ళేలు పెట్టింది. అన్నయ్య ముందు కూర్చోలేదు. వెనకా కూర్చోలేదు. గుమ్మం మీద కూర్చున్నాడు.

"దర్జీ అలాంటి పని చేశాడంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదండీ," అంది వదిన.

ఆయన నాకేసి తిరిగాడు. "నీళ్ళు ఆపేస్తే దుంపలు ఎన్నాళ్ళు ఆగుతాయిరా?"

"వారం."

"మన చేను?"

"గింజ పాలు పోసుకుంటోంది. ఇప్పుడు ఆగితే కంకిలో బెండు తప్ప ఏమీ ఉండదు."

కాసేపు చీకటి పడుతున్న వీధికేసి చూశాడు. "నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"మరి ఒక్క మాట అనలేదేంరా?"

  చివరి సాలు తడిసిన రోజున నేనూ సంతోషించాను.

వదిన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. గరిటె గిన్నెలో పెట్టేసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. "తినండి, చల్లారిపోతోంది," అంది అంతే. అయితే పొద్దున నేను లేచేసరికి, దర్జీ కాలరు తిరగేసిన చొక్కా ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. అన్నయ్య దాన్ని చెమ్మ ఆరకుండానే తొడుక్కున్నాడు.

కుంట గట్టు మీద అందరూ చేరారు. దర్జీ ఒక పక్కన గొంతుక్కూర్చున్నాడు. మిల్లాయన మైనం ముద్దని ఆకులో పెట్టి తాత చేతికి ఇచ్చాడు. తాత వేళ్ళతో నలిపి, వాసన చూసి, పెద్దగా ఊపిరి వదిలాడు.

"దర్జీవి రెండు గిన్నెలు. వానలు పడేదాకా..."

"లెక్క తప్పు తాతా," అన్నాడు అన్నయ్య.

"ఏం లెక్క?"

"కొట్టెయ్యాల్సింది రెండు గిన్నెలు కాదు. ఆరు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆరు గిన్నెలు ఎవరివా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నేను నా కాళ్ళకేసి చూసుకుంటున్నాను. ముందుగా అర్థమైంది మిల్లాయనకి. ఆయన అరుస్తాడనుకున్నాం. అరవలేదు. 

"ఎన్ని వంతులు?" అని అడిగాడు తాత.

"అన్నీ."

"దర్జీకి తెలుసా?"

"తెలిస్తే నాకు చొక్కా కుట్టి పెట్టేవాడా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మిల్లాయన తాత చేతిలోని ఆకు లాక్కుని, కింద పడేసి తొక్కి, "వంతు పోతే చాలదు. ఆ పాకలోంచి కూడా దిగాలి. పిల్లి అని నేను ముందే చెప్పాను," అన్నాడు.

"దిగితే ఎక్కేదెవరు? నువ్వు కూర్చుంటావా?" అని అడిగాడు తాత. మిల్లాయనకి మిల్లుంది. మరొకరికి పశువులున్నాయి. అందరికీ ఏదో ఒకటి ఉంది.

అప్పుడు దర్జీ లేచాడు. "ఆయన్నే కూర్చోనివ్వండి," అన్నాడు. "చిరుగు ఎక్కడుందో చింపినవాడికే బాగా తెలుస్తుంది." అన్నయ్యకేసి చూసి మాత్రం అనలేదు ఆ మాట. అప్పట్లో ఆయన అన్నయ్యతో మాట్లాడటం మానేశాడు.

తాత అన్నయ్య గొంతు వచ్చిన వైపు తిరిగి, "వంతు లేదు. నీడుంది. కూర్చుంటావా?" అన్నాడు.

అన్నయ్య వెళ్ళి పాకలో కూర్చున్నాడు.

ఆ రోజు మొదలు ప్రతి గిన్నెకీ ముందు దాన్ని బూడిదతో తోమి, వంతు ఉన్నవాడి కంటి ముందు ఎండకి పట్టేవాడు. "వెలుతురు కనబడిందా?" అని అడిగేవాడు. కనబడిందని వాళ్ళు అంటే తప్ప నీళ్ళలో వేసేవాడు కాదు. ఎవరూ ఆయనతో అంతకు మించి మాట్లాడేవారు కాదు. పాకకి వెళ్ళే దారి మా చేను పక్కనుంచే. పొద్దున వెళ్ళేటప్పుడూ సాయంత్రం వచ్చేటప్పుడూ చేనుకేసి చూసేవాడు కాదు. ఆకులు చుట్టల్లా చుట్టుకుపోయాయి. వారానికి గాలి వీస్తే కాగితాల చప్పుడు వచ్చేది.

నేను ఆయన్నే కనిపెట్టి చూస్తూ ఉండేవాణ్ణి. ఎప్పుడో ఒకప్పుడు వేలు చిల్లు మీదికి పోతుందనుకున్నాను. పోలేదు.

ఒక మధ్యాహ్నం కాలవ ఉన్నట్టుండి ఆగిపోయింది. కొండ దగ్గర కాలవ ఒక రాతి కింద నుంచి మనిషి పాకేంత సందులో వస్తుంది. లోపల ఎక్కడో రాళ్ళు జారాయి. రేపటికి కుంటలో నీళ్ళుండవు. ఆ సందులో ఎటు వంగితే ఎటు తేలతామో ఊళ్ళో ఒక్కడికే తెలుసు. కుర్రతనంలో దాంట్లో దాక్కుని పైనుంచే నీళ్ళు మళ్ళించిన వాడు మా అన్నయ్య. చొక్కా విప్పి, మడిచి, నా చేతికిచ్చి, లోపలికి పాకాడు. రాళ్ళు ఒక్కొక్కటీ కాళ్ళ వెనక్కి తోస్తుంటే మిల్లాయనా నేనూ లాగి పడేశాం. లోపల నీళ్ళు గడగడలాడిన చప్పుడు వినిపించగానే మిల్లాయన ఆయన్ని రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి లాగేశాడు. భుజాల మీద తోలు లేచిపోయింది. పొట్ట మీద కూడా.

"పొట్ట తగ్గితే బొత్తాం నిలుస్తుంది," అన్నాడు అన్నయ్య, దగ్గు మధ్య.

మర్నాడు మిల్లాయన వంతు. మూడో గిన్నె నడుస్తుండగా ఆయన పాక దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "ఈ ఒక్క గిన్నె నీ చేనుకి తిప్పుకో. నా వంతు నా ఇష్టం. ఎవడు అడుగుతాడో చూస్తాను," అన్నాడు.

నేను గట్టు మీదే ఉన్నాను. మా చేనులోకి నీళ్ళు మళ్ళించే మడవ నా కాళ్ళ దగ్గరే. ఆ మాట వినగానే నా పార మట్టిలో దిగిపోయింది. ఒక్క పెళ్ళ తీస్తే చాలు. ఇంకా పచ్చగా ఉన్న నడిమి సాళ్ళు నాలుగైనా దక్కుతాయి.

"పార తియ్యరా," అన్నాడు అన్నయ్య. గొంతు పెంచలేదు. "గిన్నె మునిగేదాకా ఆయనవే."

"ఇస్తానంటున్నది ఆయనే కదా," అన్నాను. ఆ వేసవి మొత్తంలో నేను గట్టిగా అన్న మాట అదొక్కటే.

"ఇవాళ ఇస్తాడు. రేపు ఇంకొకడు ఇస్తాడు. ఎల్లుండి నేను అడుగుతాను." తొట్టిలోంచి కళ్ళు తిప్పకుండా చెప్పాడు. "నా సంగతి నాకు తెలుసురా."

పార పైకి తీశాను. మిల్లాయన కనుబొమలు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

వానలు రావలసిన నాటి కంటే పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చాయి. మొదటి చినుకులు పడిన పూట అన్నయ్య గిన్నె తోమి, తుడిచి, తాత ఇంట్లో ఇచ్చేసి వచ్చాడు. మా చేనులో కంకులు విరిచాం. పొత్తులు వలిస్తే పళ్ళూడిన నోళ్ళలా అక్కడొకటి ఇక్కడొకటి గింజ. గాదె అడుగు కప్పడానికి కూడా రాలేదు. ఆ చలికాలం మేమిద్దరం మిల్లులో బస్తాలు మోసి పిండి తెచ్చుకున్నాం. కనుబొమల మీద పిండితో ఇంటికి వస్తుంటే వదిన, "ఇంట్లో ముగ్గురు మిల్లాయనలు అయ్యేలా ఉన్నారు, నాక్కూడా కాస్త పులమండి," అనేది.

అదంతా తరవాత సంగతి. కంకులు విరిచిన రోజు మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. నెత్తి మీద బుట్ట. గుమ్మంలో దించి, వదినతో, "కింది మూలవి. ముందు వీటినే తవ్వాను," అన్నాడు. అన్నయ్యతో ఏమీ అనలేదు. అయితే వెళ్ళిపోనూ లేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

వదిన దుంపలు కడిగి, తొక్క తియ్యకుండానే ఉడకేసింది. బయట వాన పడుతోంది. మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టి, పక్కన ఉప్పు పెట్టింది. నలుగురం చుట్టూ కూర్చున్నాం. దర్జీ ఒకటి తీసుకున్నాడు. నేనొకటి తీసుకున్నాను. వదినా తీసుకుంది. అందరం చిన్నవే తీసుకున్నాం. ఆ పళ్ళెంలో రెండు పిడికిళ్ళంత దుంప ఒకటుంది. దాని మీద ఎవరి చెయ్యీ వెళ్ళలేదు. మా ఇంట్లో పెద్దది ఎవరిదో చేతులకి అలవాటైపోయింది.

అన్నయ్య చెయ్యి దాని మీదికే వెళ్ళింది. తీసుకున్నాడు. వేడికి అటూ ఇటూ మార్చుకున్నాడు. రెండుగా విరిచాడు. లోపల తెల్లగా, పొడిపొడిగా ఉంది. ఆవిరి లేచింది. ఒక సగం దర్జీ పళ్ళెంలో పెట్టాడు. మిగిలిన సగాన్ని మళ్ళీ విరిచి, పెద్ద ముక్క నా పళ్ళెంలో వేశాడు.

వదిన ఉప్పు నా వైపు జరిపింది.  తిన్నాం.